‘జాగ్రత్తగా ఉండు’ అంటే చాలదు

పనిలో ఎవరికైనా యాసిడ్ పడి ఒళ్లు కాలినా, ఏదో ఘాటైన వాసన పీల్చి కళ్లు తిరిగి పడిపోయినా, చూడవచ్చినవారు మొట్టమొదట అనే మాట ఒకటుంది: "కాస్త జాగ్రత్తగా ఉండకూడదా?" ప్రేమతోనే అంటారు. తల్లి అంటుంది, భార్య అంటుంది, మేస్త్రీ అంటాడు, ఒక్కోసారి ఆసుపత్రిలో పనిచేసే మేమూ అంటాము. కాని ఆ మాటలో ఒక తీర్పు ఉన్నది. తప్పు దెబ్బ తిన్నవాడిదేనని ముందే తేల్చేస్తున్నాము.

జర్మనీ దేశంలో విషపూరితమైన, మండే, పేలే, ఒంటికి హాని చేసే పదార్థాలతో పనిచేసేవారి కోసం కొన్ని నిబంధనలు ఉన్నాయి. అవి మొదటి ప్రశ్న కార్మికుణ్ణి అడగవు, యజమానిని అడుగుతాయి. "ఈ పదార్థం అసలు ఇక్కడ ఎందుకు ఉంది? ఇది లేకుండా ఆ పని జరగదా?" అన్నదే ఆ ప్రశ్న. కార్మికుడు మాస్కు పెట్టుకున్నాడా లేదా అన్నది చివరకు వస్తుంది.

ఆ దేశపు నిబంధనల్లో వందల పేజీల సాంకేతిక విషయాలున్నాయి. అవన్నీ మనకు అవసరం లేదు. కాని ఈ ఒక్క సంగతి, అంటే ప్రశ్న ఎవరిని అడగాలి, ఏ వరుసలో అడగాలి అన్నది, కూలి పనికి వెళ్లే ప్రతి కుటుంబమూ తెలుసుకోదగినదని నా అభిప్రాయం. అందుకే ఈ వ్యాసం.

ఆ నిబంధనలు ఏమిటి?

జర్మన్ భాషలో వాటి పేరు ‘గెఫార్‌ష్టోఫ్‌ఫెరోర్డ్నుంగ్’. నోరు తిరగని పేరే గాని అర్థం సులువు: ప్రమాదకర పదార్థాల నిబంధనలు. అప్పటి పశ్చిమ జర్మనీ 1980లో రసాయనాల చట్టం చేసింది. దాని కింద 1986లో ఈ నిబంధనలు వచ్చాయి. 2005లోనూ 2010లోనూ వీటిని కొత్తగా తిరిగి రాశారు. 2024 డిసెంబరులో మరోసారి ముఖ్యమైన మార్పులు చేశారు. యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటికీ ఉన్న ఉమ్మడి చట్టాలు వీటికి ఆధారం.

నిబంధనలు క్లుప్తంగా ఉంటాయి. వాటిని పనిలో ఎలా పాటించాలో చెప్పడానికి ‘టీఆర్‌జీఎస్’ అనే సాంకేతిక నియమాలు నంబర్ల వారీగా ఉన్నాయి. ప్రమాదాన్ని ఎలా అంచనా వేయాలో 400వ నంబరు చెబుతుంది. డబ్బాలు, పీపాలు ఎలా నిల్వ ఉంచాలో 510 చెబుతుంది. ఆస్‌బెస్టాస్ గురించి 519, ఆసుపత్రుల గురించి 525, జుట్టు కత్తిరించే సెలూన్ల గురించి 530 ఉన్నాయి. ఈ నియమాలను ప్రభుత్వ అధికారులు మాత్రమే కూర్చుని రాయరు. యజమానుల ప్రతినిధులు, కార్మిక సంఘాలవారు, రాష్ట్రాల అధికారులు, ప్రమాద బీమా సంఘాలవారు, శాస్త్రవేత్తలు కలిసి ఒక కమిటీగా కూర్చుని నిర్ణయిస్తారు.

ప్రమాదకర పదార్థం అనగానే మనకు పెద్ద ఫ్యాక్టరీ, పొగ గొట్టం గుర్తుకు వస్తాయి. వారి లెక్క అది కాదు. బేకరీలో ఎగిరే పిండి ధూళి, వడ్రంగి దుకాణంలో చెక్క పొడి, వెల్డింగ్ పొగ, సెలూన్‌లో జుట్టుకు వేసే రంగు, మేస్త్రీ చేతికంటే తడి సిమెంటు, ఆసుపత్రిలో నేల తుడిచే మందు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఏ పదార్థాలు వాడుతున్నారో యజమాని ఒక పట్టిక రాసి ఉంచాలి. ఏ పనిలో ఏ హాని ఉన్నదో పని మొదలు కాకముందే అంచనా వేసి, రాతపూర్వకంగా పెట్టాలి. ఆ అంచనా లేకుండా పని మొదలు పెట్టనివ్వకూడదు.

నాలుగు మెట్లు

రక్షణ చర్యలకు ఒక వరుస ఉన్నది. జర్మన్ భాషలో ఆ నాలుగు మెట్ల మొదటి అక్షరాలు కలిపితే ‘స్టాప్’ అనే మాట వస్తుంది.

మొదటి మెట్టు: ప్రమాదకరమైన పదార్థాన్నే మార్చడం. దాని బదులు హాని తక్కువైనది దొరుకుతుందా అని యజమాని వెతకాలి. మార్చలేకపోతే ఎందుకు మార్చలేదో కారణం రాయాలి.

రెండవ మెట్టు: యంత్రాలతో, కట్టడంతో రక్షణ. పదార్థాన్ని మూసిన పాత్రలోనే ఉంచడం, పొగ పుట్టిన చోటనే లాగేసే ఫ్యాన్ పెట్టడం, దుమ్ము ఎగరకుండా నీళ్లతో తడిపి కోయడం వంటివి.

మూడవ మెట్టు: పని ఏర్పాటు. ఆ గదిలో ఎందరు ఉండాలి, ఎంతసేపు ఉండాలి, ఎవరు రాకూడదు, భోజనం ఎక్కడ చేయాలి అన్నవి.

నాలుగవ మెట్టు: మాస్కు, గ్లౌజులు, కళ్లద్దాలు, బూట్లు.

మనం మొదట తలచుకునేది వారికి చివరిది. కారణం అనుభవంలో నుండి వచ్చినదే. మాస్కు ముఖానికి సరిగ్గా అంటుకోకపోతే గాలి పక్కల నుండి లోపలికి పోతుంది. గడ్డం ఉంటే ఇంకా ఎక్కువ పోతుంది. ఎండలో బరువు మోస్తూ మాస్కులో ఊపిరి ఆడదు. అరగంట పెట్టుకుని తీసేస్తాడు. ఆ తీసిన గంటలోనే హాని జరుగుతుంది. అందుకే వారి నిబంధన స్పష్టంగా ఒక మాట చెబుతుంది: ఒంటికి భారమయ్యే రక్షణ సామగ్రిని ఎల్లకాలపు ఏర్పాటుగా చేసుకుని, పై మెట్లు ఎగ్గొట్టరాదు.

ఇంకొక సంగతి. రక్షణ కోసం అయ్యే ఖర్చు కార్మికుల మీద వేయరాదని 1996 నాటి వారి కార్మిక రక్షణ చట్టం చెబుతుంది. గ్లౌజుల డబ్బు జీతంలో కోసుకోవడం కుదరదు. ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉన్నదనుకుంటే పని వదిలి బయటికి వెళ్లిపోయే హక్కు కూడా ఉన్నది. అలా వెళ్లినందుకు అతనికి నష్టం కలిగించరాదు. కార్మికుడికీ బాధ్యత లేకపోలేదు. ఇచ్చిన సామగ్రి వాడాలి, చెప్పిన పద్ధతి పాటించాలి. కాని పైన ఉన్నవారు తమ మూడు మెట్ల పని చేసిన తరువాతనే అతని జాగ్రత్తకు అర్థం ఉంటుంది.

సిమెంటు, గ్లౌజులు: రెండు ఉదాహరణలు

ఇదంతా కాగితం మీది మాట కాదనడానికి రెండు ఉదాహరణలు చెబుతాను.

తాపీ పని చేసేవారి చేతులు చూసే ఉంటారు. వేళ్ల మధ్య చర్మం పగిలి, దురద పెట్టి, నీరు కారుతుంది. జర్మనీలో దీనికి ‘మేస్త్రీల గజ్జి’ అని అర్థం వచ్చే పేరే ఉన్నది. తడి సిమెంటు ఎలాగూ చర్మాన్ని ఒరుసుకుపోయేలా చేస్తుంది. దానికి తోడు సిమెంటులో కొద్దిపాటి క్రోమియం ఉంటుంది. అందులో ఒక రకం ఒంటికి పడక ఎలర్జీ తెస్తుంది. ఒకసారి ఆ ఎలర్జీ వచ్చిందంటే జీవితాంతం ఉంటుంది. చాలామంది ఆ పనినే వదులుకోవలసి వచ్చింది. "చేతులు కడుక్కో, జాగ్రత్తగా కలుపు" అని ఎన్నేళ్లు చెప్పినా సిమెంటు కలిపేవాడి చేతికి సిమెంటు అంటకుండా ఉంటుందా? చివరకు సిమెంటునే మార్చారు. తయారు చేసేటప్పుడే ఇనుము లవణం కొద్దిగా కలిపితే ఆ క్రోమియం హాని చేయని రూపంలోకి మారుతుంది. 2005 జనవరి నుండి యూరోపియన్ యూనియన్ అంతటా, చేత్తో వాడే సిమెంటులో ఆ క్రోమియం కిలోకు 2 మిల్లీగ్రాములు మించరాదని నిబంధన వచ్చింది. జర్మనీలో ఆ ఎలర్జీ కేసులు తగ్గాయి. సంచి వెనుక ఒక నిర్ణయం మారినందువల్ల మేస్త్రీల చేతులు నిలిచాయి.

రెండవది మా ఆసుపత్రి వారికి దగ్గరి సంగతి. ఒకప్పుడు రబ్బరు గ్లౌజులు సులువుగా తొడుక్కోవడానికి లోపల పొడి చల్లేవారు. గ్లౌజులు తీసినప్పుడల్లా ఆ పొడి గాలిలోకి లేచేది. రబ్బరులోని ప్రోటీన్ ఆ పొడికి అంటుకుని నర్సుల, డాక్టర్ల ఊపిరితిత్తుల్లోకి పోయేది. 1990లలో జర్మనీ ఆసుపత్రుల్లో వందలాది మందికి దద్దుర్లు, ఉబ్బసం వచ్చాయి. రక్షణ కోసం తొడుక్కున్నదే జబ్బు తెచ్చింది. నర్సమ్మ ఎంత జాగ్రత్తగా ఉంటే ఆ పొడి తప్పుతుంది? 1997 చివరలో వచ్చిన ఒక సాంకేతిక నియమం పొడి ఉన్న రబ్బరు గ్లౌజులు వాడవద్దన్నది. పొడి లేనివి, ప్రోటీన్ తక్కువగా ఉన్నవి వాడాలన్నది. ఆ తరువాత కొద్ది ఏళ్లలోనే కొత్త కేసులు బాగా తగ్గాయి. అమెరికా ఇదే పని 2017లో చేసింది.

ఈ రెండింటిలోనూ పనివారు మారలేదు. పాత మనుషులే, పాత అలవాట్లే. వస్తువు మారింది, జబ్బు తగ్గింది.

ఇదంతా ఊరికే రాలేదు

జర్మనీ వారు మొదటి నుండి మంచివారు, తెలివైనవారు అని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ నిబంధనల్లో చాలా వాక్యాల వెనుక చనిపోయినవారు ఉన్నారు.

1884లో ఆ దేశం పని ప్రమాదాలకు తప్పనిసరి బీమా చట్టం తెచ్చింది. వృత్తుల వారీగా బీమా సంఘాలు ఏర్పడ్డాయి. ఆ బీమా సొమ్ము పూర్తిగా యజమానులే కట్టాలి, కార్మికుడి జీతం నుండి పైసా తీయరాదు. ఈ ఏర్పాటు నేటికీ ఉన్నది. దీని వల్ల ఒక మేలు జరిగింది. కార్మికుడు జబ్బు పడితే ఖర్చు తమ మీదే పడుతుంది కాబట్టి, జబ్బు రాకుండా చూడడంలో యజమానుల సంఘాలకే లాభం కనబడింది. ఆ బీమా సంఘాల ఇన్‌స్పెక్టర్లు ఈనాటికీ ఫ్యాక్టరీలకు వెళ్లి తనిఖీ చేస్తారు.

1895లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే సర్జన్, రంగుల ఫ్యాక్టరీలో పనిచేసే కొందరికి మూత్రాశయంలో కణుతులు వచ్చాయని గమనించి అందరికీ తెలియజేశాడు. రోగిని ‘నీ పని ఏమిటి’ అని అడిగినందువల్లనే ఆ సంగతి బయటపడింది. 1921 సెప్టెంబరు 21న ఒప్పావ్ అనే చోట ఎరువుల ఫ్యాక్టరీ గోదాములో గట్టకట్టిన ఎరువును వదులు చేయడానికి మందుగుండు పేల్చారు. అంతకు ముందు ఎన్నోసార్లు అలాగే చేశారు, ఏమీ కాలేదు. ఆ రోజు మొత్తం గోదాము పేలి 500 మందికి పైగా చనిపోయారు. అమోనియం నైట్రేట్ నిల్వ గురించి ఈనాటి నిబంధనల్లో ప్రత్యేకంగా ఒక భాగం ఉన్నది. 1925లో వృత్తి వల్ల వచ్చే జబ్బులకు కూడా బీమా వర్తింపజేశారు. సీసం, పాదరసం, భాస్వరం వంటివాటి వల్ల వచ్చే 11 జబ్బులు ఆ మొదటి జాబితాలో ఉన్నాయి.

ఆస్‌బెస్టాస్ కథ అన్నిటికంటే బాధాకరం. దాని దుమ్ము వల్ల ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బును 1936లో వృత్తి జబ్బుగా ఒప్పుకున్నారు. దానితో వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను 1943లో ఒప్పుకున్నారు. నిషేధించినది మాత్రం 1993లో. అంటే క్యాన్సర్ వస్తుందని చట్టంలో రాసుకున్న తరువాత 50 ఏళ్లు వాడారు. ఆ యాభై ఏళ్లూ కార్మికులకు ఏమి చెప్పారో ఊహించవచ్చు: జాగ్రత్తగా ఉండమని. ఆ దుమ్ము పీల్చిన 30, 40 ఏళ్లకు జబ్బు బయటపడుతుంది. అందుకే నిషేధించి మూడు దశాబ్దాలు దాటినా ఆ దేశంలో ఇంకా ఏటా వెయ్యి మందికి పైగా ఆ పాత దుమ్ము వల్ల చనిపోతూనే ఉన్నారు.

తెలిసి కూడా ఆలస్యం చేస్తే ఎంత ఖర్చవుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కరలేదు.

ఇంటి దాకా వచ్చే నిబంధనలు

ఈ నిబంధనల్లో కొన్ని చిన్న వాక్యాలు చదివినప్పుడు, రాసినవారు కార్మికుడి ఇల్లు కూడా తలచుకున్నారని అనిపిస్తుంది.

పని బట్టలు, ఇంటి బట్టలు వేరువేరుగా పెట్టుకునే ఏర్పాటు యజమాని చేయాలి. ప్రమాదకర పదార్థం అంటిన పని బట్టలు యజమానే ఉతికించాలి. ఇది ఎందుకో తెలుసా? భర్త పని బట్టలు ఇంట్లో దులిపి ఉతికిన భార్యలకు కూడా ఆస్‌బెస్టాస్ జబ్బు వచ్చిన సంగతి వైద్య గ్రంథాలలో నమోదై ఉన్నది. వారు ఫ్యాక్టరీ గేటు కూడా దాటలేదు. ఆ ఇల్లాలు ఎంత జాగ్రత్తపరురాలైతే మాత్రం ఏమి లాభం?

తినే వస్తువుల డబ్బా అని పొరపాటు పడే పాత్రలో రసాయనం పోయరాదు. తిండి, మందులు ఉన్న చోట దాన్ని పెట్టరాదు. విషం గలవాటిని తాళం వేసి ఉంచాలి, లేదా తెలిసినవారికి తప్ప అందకుండా చూడాలి. కూల్‌డ్రింకు సీసాలో పోసిన కిరోసిన్, యాసిడ్, పురుగుమందు పిల్లలు తాగి ఆసుపత్రులకు రావడం మన దేశంలో తెలియనివారు లేరు. కాబట్టి ఈ ఒక్క నియమం ఏ చట్టమూ లేకుండానే మన వంటింట్లో ఈ రోజే పెట్టుకోవచ్చు.

క్యాన్సర్ కలిగించే పదార్థాలతో పనిచేసినవారి వివరాలు, ఎంత మోతాదు సోకినదీ, పని మానేసిన తరువాత 40 ఏళ్ల వరకు భద్రపరచాలి. ఉద్యోగం వదిలేటప్పుడు తన వివరాల కాగితం కార్మికుడికి ఇవ్వాలి. ముసలితనంలో జబ్బు బయటపడితే, ‘నేను అక్కడ పనిచేశాను’ అని చూపించుకోవడానికి ఆధారం ఉండాలని ఈ ఏర్పాటు. మన సుప్రీంకోర్టు కూడా 1995లో ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో, కార్మికుల ఆరోగ్య వివరాలు 40 ఏళ్లు ఉంచాలని తీర్పు ఇచ్చింది. కార్మికుడి ఆరోగ్యం అతని జీవించే హక్కులో భాగమని ఆ తీర్పులోనే చెప్పింది.

అర్థమయ్యే భాషలో

ప్రతి ప్రమాదకర పదార్థం గురించి యజమాని ఒక సూచన పత్రం రాసి పనిచేసే చోట ఉంచాలి. హాని ఏమిటి, ఎలా వాడాలి, మీద పడితే ఏమి చేయాలి, ఒలికితే ఏమి చేయాలి అన్నవి అందులో ఉండాలి. అది కార్మికుడికి అర్థమయ్యే రీతిలో, అర్థమయ్యే భాషలో ఉండాలని నిబంధన. అది గోడకు అంటించి ఊరుకుంటే చాలదు. పనిలో పెట్టకముందు ఒకసారి, తరువాత కనీసం ఏడాదికి ఒకసారి నోటితో వివరించి చెప్పాలి. విన్నవారు సంతకం చేయాలి. టర్కీ, పోలండ్, సిరియా వంటి దేశాల నుండి వచ్చినవారు ఎందరో పనిచేసే దేశం కాబట్టి, భాష విషయం అక్కడ ప్రాణానికి సంబంధించినది.

ఇది మన కుటుంబాలకు కూడా ఇప్పుడు దగ్గరి విషయం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల నుండి నర్సింగ్ చదివిన పిల్లలు జర్మన్ భాష నేర్చుకుని ఆ దేశపు ఆసుపత్రులకు వెళుతున్నారు. అలా వెళ్లే అమ్మాయిలకు, అబ్బాయిలకు పెద్దలు చెప్పవలసిన మాట ఒకటున్నది. అక్కడ కీమో మందులు కలపడం, మత్తు మందు వాయువులు, శుభ్రం చేసే రసాయనాలు అన్నిటికీ నియమాలు ఉన్నాయి. కీమో మందులు అందుకోసం ప్రత్యేకంగా అమర్చిన రక్షణ బల్ల మీద కలపాలి. మంచాలు, బల్లలు శుభ్రం చేసే మందును గాలిలోకి స్ప్రే చేయడం కంటే గుడ్డతో తుడవడమే పద్ధతి, ఎందుకంటే స్ప్రే చేసింది ఊపిరిలోకి పోతుంది. గర్భవతులైన ఉద్యోగినుల కోసం వేరే చట్టం ఉన్నది. 2018లో దాన్ని సవరించారు. ఒక పనిలో గర్భవతికి హాని ఉన్నదా అన్నది, అక్కడ గర్భవతి ఎవరూ లేకపోయినా యజమాని ముందే అంచనా వేసి ఉంచాలి. గర్భం సంగతి చెప్పిన తరువాత పని తీరు మార్చాలి, లేదా వేరే చోటికి మార్చాలి, అదీ కుదరకపోతే జీతంతో ఇంటి దగ్గర ఉంచాలి.

కాబట్టి మన పిల్లలు మొహమాటపడి, ‘కొత్తదాన్ని కదా, అడిగితే ఏమనుకుంటారో’ అని ఊరుకోకూడదు. వివరణ అర్థం కాకపోతే సంతకం పెట్టకముందే మళ్లీ చెప్పమని అడగాలి. అక్కడ అది తలబిరుసుతనం కాదు, పనిలో భాగం.

అభ్యంతరాలు

ఈ మాటలు చెబితే కొందరు అంటారు, "అది డబ్బున్న దేశం, వాళ్లకు చెల్లుతుంది." కొంత నిజమే. పొగ లాగే యంత్రాలకు డబ్బు కావాలి. కాని 1884లో బీమా చట్టం చేసిననాడు అక్కడి కార్మికులు ఇరుకు గదుల్లో బతుకుతున్న పేదలే. పైగా మొదటి మెట్టు చాలాసార్లు చవకైనది. సిమెంటులో కలిపే ఇనుము లవణం ఖరీదైన వస్తువు కాదు. సీసా మీద పేరు రాయడానికి, దుమ్మును నీళ్లతో తడపడానికి కోట్లు అక్కరలేదు. జబ్బుకు అయ్యే ఖర్చు ఎప్పుడూ ఉన్నది. దాన్ని యజమాని భరిస్తాడా, కూలివాడి భార్య పుస్తెలు తాకట్టు పెట్టి భరిస్తుందా అన్నదే ప్రశ్న.

ఇంకొందరు అంటారు, "కాగితాలు నింపడం తప్ప ఏముంది?" ఇదీ తోసిపుచ్చలేని మాటే. నలుగురు పనిచేసే చిన్న వర్క్‌షాపుకు అన్ని నియమాలు చదవడం భారం. అక్కడి చిన్న యజమానులు ఈ సంగతి తరచుగా చెబుతూనే ఉన్నారు. కాగితం మీద అన్నీ సరిగ్గా ఉండి, పనిలో మాత్రం ఏమీ జరగని చోట్లు ఏ దేశంలోనైనా ఉంటాయి. 1993కు ముందు కట్టిన పాత ఇళ్లలో ఇంకా ఆస్‌బెస్టాస్ ఉన్నది. వాటిని మరమ్మతు చేయించేటప్పుడు ఆ సంగతి ముందుగా పరీక్ష చేయించే బాధ్యత ఇంటి యజమానిది కావాలా అని చాలాకాలం వాదన జరిగింది. 2024 మార్పుల్లో చివరకు, తన దగ్గర ఉన్న సమాచారం ఇంటి యజమాని ఇస్తే చాలన్నారు. కార్మిక సంఘాలకు ఇది నచ్చలేదు. నాకూ నచ్చలేదు. గోడ పగలగొట్టేవాడికే మళ్లీ భారం మిగిలినట్లు అనిపిస్తుంది.

అయినా ఒక విషయంలో వారి నిజాయితీని మెచ్చుకోవాలి. క్యాన్సర్ కలిగించే కొన్ని పదార్థాలకు ‘ఇంతవరకు పరవాలేదు’ అనే హద్దు ఉండదు. కొంచెం సోకినా కొంచెం ముప్పు ఉంటుంది. అప్పుడేం చేయాలి? వారు ముప్పును అంకెల్లో చెప్పేశారు. పని జీవితమంతా ఆ గాలి పీల్చినవారిలో చాలా కొద్దిమందికి మాత్రమే అదనంగా క్యాన్సర్ వచ్చే స్థాయి ఒక గీత, దాని కంటే తక్కువ ఉంటే సరిపెట్టుకోవచ్చు. 1,000 మందిలో 4 గురికి వచ్చే స్థాయి పై గీత, అది దాటరాదు. ఈ రెండు గీతల మధ్య ఉంటే తగ్గిస్తూ పోవాలి. చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఆ నలుగురూ ఎవరి బిడ్డలో కదా! కాని ఆ అంకె అందరి ముందూ ఉన్నది కాబట్టి ఇంకా తగ్గించమని అడగవచ్చు. ‘ఏమీ కాదులే’ అని చెప్పేచోట అడగడానికి కూడా ఏమీ ఉండదు.

మనం ఏం చేయవచ్చు?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ట్యాంకు నుండి స్టైరిన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. వారు నిద్రలో ఉన్నారు. నిద్రపోయేవారు ఏ జాగ్రత్త పడగలరు? ఆ ట్యాంకు దగ్గర చేయవలసిన పని ట్యాంకు ఉన్నవారిదే. చట్టాలు మార్చడం మన ఒక్కరి చేతిలో లేదు. కాని మన ఇళ్లలో, మన ఆసుపత్రి వరండాలో ప్రశ్నలు మార్చుకోవడం మన చేతిలో ఉన్నది.

మీ ఇంటి నుండి ఎవరైనా కొత్త పనికి వెళుతుంటే మూడు సంగతులు కనుక్కోండి. అక్కడ వాడే డబ్బాల మీద పేరు, హెచ్చరిక బొమ్మ ఉన్నాయా? దుమ్ము, పొగ పుట్టిన చోటనే తీసేసే ఏర్పాటు ఉన్నదా, లేక ముఖానికి గుడ్డ కట్టుకోమంటున్నారా? పని బట్టలు ఎక్కడ ఉతకాలి? ఈ ప్రశ్నలు ఒక్కడు అడిగితే పని పోతుందన్న భయం ఉంటుంది, ఆ భయం నిజమైనదే. అందుకే నలుగురు కలిసి, సంఘంగా అడగడం మంచిది. జర్మనీలో నియమాలు రాసే కమిటీలో కార్మికులకు చోటు దొరికింది కూడా వారు కలిసి నిలబడినందువల్లనే.

మరొక మాట రోగులకు. జర్మనీలో ఒక డాక్టరుకు, రోగి జబ్బు అతని పని వల్ల వచ్చిందని తగిన అనుమానం కలిగితే, ఆ సంగతి బీమా సంఘానికో ప్రభుత్వ అధికారికో తెలపడం ఆ డాక్టరు విధి. కాని డాక్టరుకు అనుమానం కలగాలంటే పని సంగతి తెలియాలి గదా. రాతి దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్‌ను టీబీ అనుకుని మందులు వాడుతూ పోయినవారు మన దేశంలో ఎందరో ఉన్నారు. రెండింటిలోనూ దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం ఉంటాయి. ఎక్స్‌రేలో కూడా పోలిక ఉంటుంది. రెండూ ఒకే మనిషికి కలిసి రావడమూ ఉన్నది.

కాబట్టి ఓపీలో కూర్చున్నప్పుడు డాక్టరు గారు అడగకపోయినా మీరే చెప్పండి. ఏ పని చేస్తున్నారు, ఎన్నేళ్లుగా చేస్తున్నారు, అంతకు ముందు ఏ పని చేశారు, ఏ దుమ్ము, ఏ పొగ, ఏ మందు మీ ఒంటికి సోకింది. ఇప్పుడు మానేసిన పని అయినా, ఇరవై ఏళ్ల క్రితంది అయినా చెప్పండి. తెలిస్తే ఆ డబ్బా మీది పేరు కాగితం మీద రాసుకుని తీసుకురండి. ఆ ఒక్క ముక్క మీ వైద్యాన్నే మార్చవచ్చు. మీ పక్కన అదే పని చేస్తున్న పదిమందికీ అది మేలు చేయవచ్చు.